మూత కింది వేడి

ఏప్రిల్ వస్తే చేపల తొట్లున్న ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. చేపలు తిండి మానేశాయి, పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి అని. తప్పంతా ఎండ మీద వేస్తాం. ఎండ కారణమే, కాదనను. కానీ అదే గదిలో మూత లేని తొట్టిలో చేపలు కులాసాగా తిరుగుతూ, నున్నగా పాలిష్ పెట్టిన చెక్క హుడ్ బిగించిన తొట్టిలో చేపలే ఆయాసపడుతుంటే ఆ హుడ్ ఎత్తి చూడాల్సిందే. లోపల లైటు వెలుగుతోంది. అది పుట్టించే వేడికి బయటికి దారి లేదు.

అక్వేరియం లైట్ల గురించి మాట్లాడేటప్పుడు వాట్లు, రంగు, మొక్కల పెరుగుదల, ఎర్ర చేప మరింత ఎర్రగా కనబడటం, ఇవన్నీ వస్తాయి. వేడి మాట ఎత్తేవారు తక్కువ. నా మటుకు లైటు బిగించడం సగం పనే. దాని వేడి నీటిని చేరకముందే బయటికి సాగనంపడం మిగతా సగం. పెంపకందార్లు ఈ రెండో సగాన్ని పుస్తకాల కంటే ఎక్కువగా రంపం, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేర్చుకున్నారు. ఆ పనితనం గురించి తెలుగులో రాసింది తక్కువ కాబట్టి ఇక్కడ కాస్త వివరంగానే చెబుతాను.

వెలుతురు వెంట వేడి రావడమనే బాధ అక్వేరియం అంత పాతది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ తన పుస్తకంతో ఇంగ్లండ్‌లో గాజు తొట్ల మోజు పెంచిన రోజుల్లో కిటికీ ఎండే దీపం. ఆ ఎండకే నీళ్లు వేడెక్కి, పచ్చగా మారి, జీవాలు చచ్చిపోయేవి. దానికి విరుగుడుగా తొట్టి వెనక భాగాన్ని ఏటవాలుగా కట్టి, కింద వెలుతురు సోకని చీకటి అర ఒకటి ఉంచి, నీరు అందులో చల్లబడేలా చేసిన తొట్లు వచ్చాయి. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో తెరిచిన అక్వేరియానికి విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్ అదే సూత్రాన్ని పెద్ద ఎత్తున వాడాడు. చూపే తొట్ల అడుగున నేలలో చీకటి జలాశయం కట్టి, నీటిని పైకీ కిందికీ తిప్పాడు.

తర్వాత కరెంటు బల్బులు, ట్యూబ్‌లైట్లు వచ్చాయి. అసలు పరీక్ష పెట్టినవి మాత్రం మెటల్ హలైడ్ దీపాలు. జర్మనీలో, ముఖ్యంగా బెర్లిన్‌లో, ఇళ్లలో పగడాలు పెంచిన అభిరుచిగాళ్లు ఈ దీపాలను తొట్ల మీదికి తెచ్చారు. ఒక్కొక్కటి 150, 250, కొన్ని 400 వాట్లు. లోతు తక్కువ సముద్రంలో బతికే పగడానికి అంత వెలుతురు కావాలి. కానీ నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే అదే పగడం తన లోపలి సూక్ష్మ శైవలాలను వెళ్లగొట్టి తెల్లగా పాలిపోతుంది. 1998లో లక్షద్వీప్‌లో, మన్నార్ సింధుశాఖలో అలా పాలిపోయిన పగడాలు ఎన్నో. ఎండంత వెలుతురు కావాలి, ఎండ వేడి మాత్రం తగలకూడదు. ఆ ఇరుకులోంచే హుడ్ కట్టే విద్య పదునెక్కింది. మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సముద్రం నుంచి వాటిని తీయడం నేరం. అయినా ఆ పెంపకందార్ల విద్య మన గప్పీలకూ ఏంజెల్ చేపలకూ నీటి మొక్కలకూ అలాగే పనికొస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 200 లీటర్ల తొట్టి, హుడ్‌లో 100 వాట్ల దీపాలు, రోజుకు 8 గంటలు. ఆ వేడంతా నీటిలోకే దిగి, బయటికి ఏమీ పోకపోతే నీరు దాదాపు మూడున్నర డిగ్రీలు పెరుగుతుంది. దీపం నుంచి వచ్చే వెలుతురు కూడా నీటిలో, ఆకుల్లో, రాళ్లలో ఇంకి చివరికి వేడే అవుతుంది. నిజానికి గాజు గోడల నుంచి, నీటి పై తలం నుంచి కొంత వేడి గదిలోకి పోతుంది కాబట్టి అంత పెరగదు. అయితే ఆ పై తలాన్నే హుడ్ మూసేస్తోంది. మరోవైపు నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాములు కరిగితే 30 దగ్గర 7.6, 35 దగ్గర 7 కూడా ఉండదు. వేడిలో చేపకు కావాల్సిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. చల్లటి నీటి చేప అయిన గోల్డ్‌ఫిష్ ముందుగా కుదేలవుతుంది. వెచ్చని నీటికి అలవాటుపడ్డ డిస్కస్ 30 దగ్గర కూడా హాయిగా ఉంటుంది.

అన్నిటికంటే సులువైన పని చోక్‌ను హుడ్ బయటికి తేవడం. పాత తరం 36 వాట్ల ట్యూబ్‌లైటుకు రాగి తీగ చోక్ వాడితే అది ఒక్కటే పది వాట్ల పైన వేడి పుట్టిస్తుంది. దాన్ని హుడ్ లోపలే బిగించడం పాత అలవాటు, నీటుగా కనబడుతుందని. వైరు కాస్త పొడవు చేసి తొట్టి కింది క్యాబినెట్ వెనక్కి మారిస్తే వెలుతురు ఏమాత్రం తగ్గకుండా ఆ వేడి పోతుంది. ఎల్ఈడీల అడాప్టరుకూ ఇదే వర్తిస్తుంది.

తర్వాత గాలి దారి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి హుడ్ వెనక పలకలో పై అంచున వెడల్పైన చీలిక ఉండాలి. గాలి లోపలికి వచ్చే దారి ఎదుటి పక్కన, నీటికి కాస్త పైన ఉండాలి. రెండూ ఒకే వైపున పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, అవతలి మూలలో వేడి కదలదు. 100 వాట్ల వేడిని మోసుకుపోవాలి, లోపలి గాలి గది కంటే ఐదు డిగ్రీలకు మించి వేడెక్కకూడదు అంటే నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి కావాలి. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను ఒకటి, దారిలో అడ్డం లేకపోతే, ఆ పని చేయగలదు. అది తినే కరెంటు రెండు మూడు వాట్లే. పలచని టిష్యూ కాగితం చీలికను రంధ్రం దగ్గర పట్టుకుంటే గాలి ఎటు పోతోందో తెలిసిపోతుంది.

ఫ్యాను లోపలికి ఊదాలా, బయటికి లాగాలా అన్న వాదన పెంపకందార్లలో ఎప్పటినుంచో ఉంది. నేను ఊదే పక్షమే. బయటికి లాగే ఫ్యాను గుండా తడి గాలి, ఉప్పునీటి తొట్టి అయితే ఉప్పు గాలి పోతుంది, బేరింగులు తుప్పు పడతాయి. గది నుంచి పొడి గాలిని తీసుకుని నీటి పై తలం మీదుగా ఊదే ఫ్యాను ఎక్కువ కాలం పనిచేస్తుంది, పైగా నీటిని ఆవిరి చేస్తుంది. ఒక్క జాగ్రత్త. టీ5 ట్యూబులు చుట్టూ 35 డిగ్రీల దగ్గర బాగా వెలుగుతాయి. చల్లటి గాలి నేరుగా వాటి మీద, ముఖ్యంగా అచ్చు ముద్ర ఉన్న చివర మీద కొడితే వెలుతురు తగ్గుతుంది. గాలి నీటిని తాకాలి, ట్యూబును కాదు.

అసలు బలం ఆవిరిలో ఉంది. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. ఒక లీటరు నీరు ఆవిరైతే 200 లీటర్ల తొట్టి నుంచి దాదాపు మూడు డిగ్రీల వేడిని తీసుకుపోతుంది. ఎండాకాలం చాలామంది ఐస్ ముక్కలున్న సీసాలు తొట్టిలో వేస్తారు. కిలో ఐసు కరిగి, ఆ నీరు కూడా తొట్టి వేడికి వచ్చేదాకా లెక్కేసినా తగ్గేది అర డిగ్రీకి కాస్త ఎక్కువ. లీటరు ఆవిరి చేసే పనిలో అది ఐదో వంతు. పైగా ఐసు పని ఒక్కసారిగా జరిగి ఆగిపోతుంది, చేపలు ఆ ఎగుడుదిగుడులు తట్టుకోలేవు. ఆవిరి రోజంతా నిదానంగా పనిచేస్తుంది.

కానీ ఈ బలం ఊరిని బట్టి మారుతుంది. మన రెండు రాష్ట్రాల వాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. థర్మామీటర్ బుడ్డికి తడి గుడ్డ చుట్టి గాలి తగిలిస్తే అది ఎంత చూపుతుందో, ఆవిరి వల్ల నీరు అంతకు దిగువకు చల్లబడదు. గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్నప్పుడు ఆ తడి గుడ్డ థర్మామీటర్ 24 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్‌లో, కర్నూలులో, రామగుండంలో మే నెల మధ్యాహ్నాలు దాదాపు ఇలాగే పొడిగా ఉంటాయి. అక్కడ రెండు ఫ్యాన్లతో తొట్టిని కాపాడుకోవచ్చు. విశాఖలో, కాకినాడలో గాలి 35 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతం ఉంటే ఆ థర్మామీటర్ 30 దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాద్ మిత్రుడు చెప్పిన చిట్కా తీరం ఊళ్లో పనిచేయకపోవడానికి కారణం ఇదే. తీరంలో ఫ్యాను అవసరం లేదని కాదు, హుడ్‌లోని వేడిని తరిమేందుకు అది కావాలి. నీటిని చల్లబరిచే ఆశ మాత్రం దాని మీద పెట్టుకోకుండా వాట్లు తగ్గించుకోవాలి. గది కిటికీ మూసి ఫ్యాను వేసినా ఇదే తంటా. ఆవిరి గదిలోనే పేరుకుపోయి, కాసేపటికి పొడి ఊరు కూడా తీరం ఊరైపోతుంది.

ఆవిరైన నీటి స్థానంలో నీరు పోయాలి. ఆవిరిలో నీరే పోతుంది, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. గట్టి బోరు నీళ్లే రోజూ కలుపుతుంటే వేసవి ముగిసేసరికి నీటి గట్టిదనం బాగా పెరిగిపోతుంది. కాబట్టి ఆవిరికి బదులు పోసే నీరు మటుకు ఆర్‌ఓ నీరై ఉండాలి. వారంవారం నీరు మార్చడం ఎటూ తప్పదు.

లైటుకూ నీటికీ మధ్య గాజు పలక ఉండాలా అన్నది మరో చిక్కు. గాజు తుంపర్లను ఆపుతుంది, ఆవిరినీ ఆపేస్తుంది. మంచినీటి తొట్టిలో నైలాన్ వల బిగిస్తే చేపలు ఎగిరి బయట పడవు, గాలీ ఆడుతుంది. రెండు చివరలా బిగించే మెటల్ హలైడ్ దీపానికి మాత్రం గాజు తీయకూడదు. దాని నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కళ్లకూ చర్మానికీ హాని చేస్తాయి.

ఖర్చులేని ఉపాయం ఒకటుంది, వేళ మార్చడం. మొక్కలకు ఎనిమిది గంటల వెలుతురు కావాలి, అది పగలే ఉండాలన్న నియమం లేదు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి ఒంటిగంట వరకు లైటు వేస్తే గది చల్లబడే వేళకు దీపం వేడి వస్తుంది. మధ్యాహ్నపు ఎండా దీపమూ కలిసి నీటి మీద పడవు. ఇంటిల్లిపాదీ తొట్టి ముందు కూర్చునే సమయమూ అదే.

ఇప్పుడంతా ఎల్ఈడీలే కదా, ఈ గొడవంతా ఎందుకని అడగవచ్చు. ఎల్ఈడీ వేడి వెలుతురుతో కిందికి రాదు, వెనక అల్యూమినియం పలకలోకి పోతుంది. వాట్లు కూడా తక్కువే. అయితే మూసిన హుడ్‌లో ఆ పలక చుట్టూ గాలి ఆడకపోతే ఎల్ఈడీయే ముందు పాడవుతుంది. డ్రైవర్‌లో ఉండే కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగిన ప్రతిసారీ సుమారు సగానికి పడిపోతుంది. పదేళ్లు రావాల్సిన లైటు రెండేళ్లకే మినుకుమినుకుమంటే కంపెనీని తిట్టే ముందు హుడ్ వెనక చెయ్యిపెట్టి చూడాలి.

జపాన్‌లో నీటి మొక్కల తొట్లు తీర్చిదిద్దిన తకాషి అమానో (1954–2015) ఈ సమస్యకు హుడ్డే తీసేసి జవాబిచ్చాడు. ఆయన తొట్ల మీద దీపం పైనుంచి వేలాడుతుంది, నీటి తలం తెరిచే ఉంటుంది. అందంగా ఉంటుంది, వేడి కూడా నిలవదు. పిల్లలూ పిల్లీ ఉన్న ఇంట్లో, దుమ్ము పడే ఊళ్లో అది అందరికీ కుదరదు. హుడ్ ఉండాల్సిన ఇళ్లు ఎప్పుడూ ఉంటాయి, దాన్ని సరిగా కట్టే విద్య కూడా ఉండాలి.

ఈ వేసవికి కొత్త లైటు కొనాలనుకుంటుంటే ముందు రెండు థర్మామీటర్లు కొనండి. ఒకటి నీటిలో, ఒకటి హుడ్ లోపల పెట్టి, లైటు వేసే ముందూ ఆర్పే ముందూ వారం పాటు రాసుకోండి. నీరు రోజూ రెండు డిగ్రీలకు మించి ఎగిరితే వడ్రంగిని పిలిచి వెనక పలకలో పై అంచున చీలిక కోయించండి, చోక్ బయటికి తీయించండి, ఒక ఫ్యాను బిగించండి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా చూసుకోండి, తీగ వెంట జారిన నీరు ప్లగ్గులోకి చేరదు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో మాత్రం ఈ పనికి చేయి పెట్టకండి, ముందు ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించండి.