పోయినేడు చేరినవాడు

మా మేనకోడలు ఈమధ్యే పి.గన్నవరం పక్కన ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజరుగా వచ్చింది. ఏ బ్యాంకని అడక్కండి. మొన్న సోమవారం ఫోన్ చేసి, "మావయ్యా, కొత్త కుర్రాణ్ణి ఇచ్చారు. ట్రైనింగు అయిపోయిందట. మూడ్రోజులు, అంతా ఆన్‌లైనే. పరీక్షలో పదికి పది. తీరా ఒక మామ్మగారు గోల్డ్ లోన్ తీర్చేసి గొలుసు తీసుకెళ్దామని వస్తే, ఆవిడ నా వంకా వాడు నా వంకా చూస్తున్నారు" అంది.

నాకు చర్రున ఎక్కింది. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా సంగతి కొత్త కాదు. స్లైడులు చూపించి పని నేర్పామనేవాళ్ల మీద నాది పాత కక్ష. పనంటే పెద్దవాడి పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చూసి పట్టుకోవాల్సిందేనని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో, మా ఎడిటర్ గారు ఎన్నిసార్లు నిట్టూర్చారో! ఈ వారమూ అదే పాట ఎత్తుకునేవాణ్ణే. గన్నవరం అక్విడెక్టు అడ్డం పడింది.

ఒక పెళ్లికి రాజోలు వైపు వెళ్తుంటే అక్విడెక్టు దగ్గర బండ్లు ఆగిపోయాయి. ముందు కొబ్బరికాయల లారీ, వెనక కాలేజీ బస్సు. దిగి నిలబడితే కింద వైనతేయ, ఎదురుగా పాత ఆర్చీలు. మొత్తం 49. ఒక్కోటి 40 అడుగుల వెడల్పు. ఇప్పుడు పక్కనే కొత్తది కట్టి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. (ఆవిడ వంటిల్లు ఎలా నడిచేదో విడిగా ఒక కాలమే రాయాలి. ఏ వేళ ఎంతమంది వస్తారో తెలియని ఇంట్లో వంటకి సాయం పట్టినవాళ్లకి ఎవరు ఏం నేర్పి ఉంటారు?) పాతది మాత్రం ఇంకా నిలబడే ఉంది.

కథ చాలామందికి తెలిసిందే. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువల్లోకి నీళ్లొచ్చాయి. కానీ నగరం లంక, అంటే ఇవాళ్టి మామిడికుదురు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపంతా, వశిష్ఠకీ వైనతేయకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంది. దానికి నీళ్లివ్వాలంటే కాలవని ఏటి మీదుగా దాటించాలి. ఆ పని లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు చేతిలో పడింది. చేతిలో ఉన్నది ఒక్క సీజను. గోదారికి ఎర్రనీరు దిగిందంటే ఏట్లో ఏదీ నిలవదు.

అందరూ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు చెప్పి అక్కడితో ఆగిపోతారు. నాకు నచ్చేది ఆ తరవాతి ముక్క. అంత ఇటుక పనికి ఈ చుట్టుపక్కల పని తెలిసిన తాపీ మేస్త్రీలు చాలా కొద్దిమంది. మిగతావాళ్లని పనిలోనే తయారు చేసుకోవాల్సి వచ్చింది. తయారు చేసుకున్నారు, సీజన్‌లో కట్టేశారు, ఆ ఆర్చీలు నూటయాభై ఏళ్లు పైబడి వరదలు చూశాయి.

మరి నా 'ఏళ్ల తరబడి' ఏమైనట్టు?

లారీ కదిలేదాకా అదే ఆలోచన. హేగ్ వాళ్లని పూర్తి మేస్త్రీలని చేసి ఉండడు. గుడి గోపురం కట్టమంటే కట్టలేరు, మేడ కట్టమంటే కట్టలేరు. ఆర్చీ కట్టగలరు. ఒకటే కొలత, ఒకటే సున్నం, ఒకటే వంపు, అదే పని మళ్లీ మళ్లీ. మన బ్యాంకులో కొత్తవాడికి మొదటి నెలలోనే డిపాజిట్లు, పంట రుణాలు, లాకర్లు, ఇన్సూరెన్స్ టార్గెట్లు, ఆధార్ లింకింగూ అన్నీ తలా చెంచాడు పోస్తాం. దేంట్లోనూ చెయ్యి తిరగదు.

రెండోది నా ఊహే అనుకోండి. ఉన్న కొద్దిమంది మేస్త్రీలూ ప్రతివాడి పక్కనా నిలబడి ఉండలేరు. మూడో ఆర్చీ దగ్గర నేర్చుకున్నవాడే పదో ఆర్చీ దగ్గర ఇంకొకడికి చూపించి ఉంటాడు.

ఇక్కడ నాకు నేను బ్యాంకులో ఉన్నప్పటి మా హెడ్ క్యాషియరు గుర్తొచ్చాడు. వోచరు చేతిలోకి తీసుకోకుండానే తప్పు ఎక్కడుందో చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చున్న కొత్తవాళ్లు మాత్రం వారాల తరబడి "ఆయ్, అలాగేనండి" అంటూ బిక్కచచ్చి కూర్చునేవాళ్లు. ఆయన నేర్పకపోవడం కాదు. తనకి ఒకప్పుడు ఏం తెలియదో ఆయనకి గుర్తులేదు. అంతకు ముందేడు చేరిన క్లర్కు టీ టైములో రెండు ముక్కలు చెప్పేవాడు: "అప్పు తీసుకున్నావిడే వచ్చిందా, కోడల్ని పంపిందా, ముందది చూడు. సంచీ బయటికి తీశాక ఆవిడ ఎదురుగానే తూకం వెయ్యి. అప్పుడే సంతకం." తను ఎక్కడ తడబడ్డాడో వాడికింకా పచ్చిగా ఉంది.

గురువారం మేనకోడలికి ఫోన్ చేశాను. "వాడికి నెలంతా గోల్డ్ లోన్లే ఇయ్యి, ఇంకేం చెప్పకు. పోయినేడు చేరినవాడి పక్కన కూర్చోబెట్టు."

"పోయినేడు చేరినవాడికి బదిలీ అయిపోయింది మావయ్యా."

"నువ్వు మేనేజరై ఎన్నాళ్లయింది?"

కాసేపు మాట్లాడలేదు. కంప్యూటర్‌లో ఆ కొత్త కుర్రాడు ఎంట్రీ వేస్తే పాస్ చెయ్యాల్సింది ఎలాగూ తనే. చాలామంది మేనేజర్లు ఆ బటన్ చూడకుండానే నొక్కేస్తారు. నొక్కేముందు వాణ్ణి పిలిచి "ఇదెందుకు ఇలా వేశావు" అని అడిగితే అదే ట్రైనింగు. క్యూ గేటు దాకా ఉన్నప్పుడు ఎలా కుదురుతుందని తను అడిగింది. న్యాయమే. జూన్‌లో పంట రుణాల వేళ కుదరదు. అందుకే కొత్తవాళ్లని జూన్‌లో ఇవ్వకూడదని పైవాళ్లకి చెప్పాలి. వాళ్లు వింటారని నేననుకోను.

పోయినేడు చేరినవాడే లేని చోటూ ఒకటి చూశాను. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు లక్ష పైచిలుకు కుర్రాళ్లు ఒక్కసారి ఉద్యోగాల్లో చేరారు. ఆ కుర్చీల్లో వాళ్లకన్నా ముందు కూర్చున్నవాళ్లు లేరు, పక్కన కూర్చుని చూడ్డానికి. వీళ్లకెలా వస్తుంది పని అని అప్పట్లో ఈ కాలమ్‌లోనే వెక్కిరించాను. ఆమధ్య ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి వెళ్తే, డిజిటల్ అసిస్టెంటు అమ్మాయి దరఖాస్తు మధ్యలో ఆగి అంబాజీపేట వైపు తనలాంటి ఇంకో అమ్మాయికి ఫోన్ చేసింది. "ఏయ్, ఇక్కడ ఎర్రగా వస్తోంది, నీకూ వచ్చిందా?" అవతలి అమ్మాయి ఏదో చెప్పింది. నిమిషంలో నా దరఖాస్తు రసీదు చేతికొచ్చింది. ఆ ఫోన్ రీచార్జి ఆ పిల్ల జీతంలోంచే. ట్రైనింగు బడ్జెట్టులో దానికి పద్దు లేదు.