ఆగస్టు దాటితే ఆగని యాపిల్

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన సొనోమా కౌంటీలో సెబాస్టపోల్ అనే చిన్న ఊరుంది. మనకు శ్రావణం నడిచే రోజుల్లో అక్కడ వేసవి చివరికొస్తుంది, పెరటి యాపిళ్లు పండుతాయి. ఊరికి పేరు తెచ్చింది గ్రావెన్‌స్టైన్ రకం. యూరప్‌లో డెన్మార్క్, జర్మనీల సరిహద్దు ప్రాంతపు పాత రకం ఇది. ఏటా ఆగస్టులో దాని పేరుమీదే జాతర చేస్తారు.

పెద్ద దుకాణాల్లో మాత్రం ఇది అరుదు. తొడిమ మరీ పొట్టి కావడంతో కాయ తొందరగా రాలిపోతుంది. ఒకే చెట్టు కాయలు విడతలు విడతలుగా పండుతాయి. తోలు పలచన, కాస్త దెబ్బ తగిలితే కమిలిపోతుంది. మనవైపు చెరకురసం మామిడి కూడా ఇంతే: లారీలెక్కి దూరాలు పోయేది బంగినపల్లి, రసాలు ఇంటివాళ్లవే. సెబాస్టపోల్ తోటలు చాలామటుకు కొట్టేసి వైన్ ద్రాక్ష వేశారు. మిగిలినవాటిని కాపాడుకోవడానికి స్లో ఫుడ్ సంస్థ ఈ యాపిల్‌ను, కనుమరుగవుతున్న ఆహార రకాలను నమోదు చేసే తన ‘ఆర్క్ ఆఫ్ టేస్ట్’ జాబితాలో చేర్చింది.

పండు నిల్వ ఆగదు కాబట్టి కోసిన రోజంతా ఇంట్లో దాని పనే. పొద్దున్నే, ఎండెక్కక ముందే కోస్తారు. కాయను పిడికిట పట్టి లాగకూడదు. అరచేతిలోకి తీసుకుని పైకెత్తి కొద్దిగా తిప్పాలి. పండితే తొడిమతో సహా చేతిలోకొస్తుంది, రాకపోతే వదిలేయడమే. రాలినవాటిని వేరే బుట్టలో వేస్తారు. వాటితో పచ్చి రసం తీయరు, నేల మీది సూక్ష్మజీవులు అందులో చేరవచ్చు. కడిగి, దెబ్బతిన్న భాగం, పురుగు తొలిచిన చోటు కోసేసి ఉడికిస్తారు.

ఆ ఉడికించడంలోనే ఉంది రుచంతా. తొక్క తీయకుండా ముక్కలు కోసి, అడుగంటకుండా కొద్దిగా నీళ్లు పోసి మగ్గనిచ్చి, చేత్తో తిప్పే జల్లెడ మిల్లులో వేస్తే తొక్కా గింజా ఆగిపోయి గుజ్జు దిగుతుంది. అదే యాపిల్ సాస్. చక్కెర ముందే వేస్తే పండు రుచి తెలియదు, చివర్న నాలుక మీద వేసుకు చూసి కలపాలి. సాస్‌నే దాల్చినచెక్కతో సన్నని సెగమీద గంటలకొద్దీ ఉడికిస్తే ముదురు గోధుమ రంగు తిరిగి యాపిల్ బటర్ అవుతుంది. పేరేగానీ ఇందులో వెన్న ఉండదు! చెంచాడు పళ్లెంలో వేసినప్పుడు చుట్టూ నీరు ఊరకపోతే దించవచ్చు. ఇంకా మిగిలితే చక్రాలుగా తరిగి, నల్లబడకుండా నిమ్మనీళ్లలో ముంచి ఎండబెడతారు.

అమెరికా తెలుగిళ్లలో పచ్చిమామిడి దొరకనప్పుడు పుల్లని యాపిల్‌తో పులిహోర, ముక్కల పచ్చడి చేసుకోవడం మామూలే. సాధారణంగా గ్రానీ స్మిత్ అనే రకం వాడతారు. నన్నడిగితే, ఇంకా పచ్చిగా ఉన్న గ్రావెన్‌స్టైన్ అంతకన్నా మేలు: పులుపుతోపాటు వాసనా ఉంటుంది. ఆవకాయలా ఏడాదికి పెట్టే ఊరగాయ కాదిది, ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా తినేయాలి.

పెరట్లో వేయాలనుకునేవారికి ఒక మాట. ఈ చెట్టు పుప్పొడి పరాగసంపర్కానికి పనికిరాదు, దీనికే ఇతర రకాల పుప్పొడి కావాలి. అదే సమయంలో పూసే వేరే రకం యాపిల్ చెట్టు దగ్గర్లో లేకపోతే పూత బాగా వస్తుంది గానీ కాపు అంతంతమాత్రమే.