‘అష్క్’: శబ్దం తిరిగి వచ్చింది, సందర్భం రాలేదు

పాత రూపాన్ని తిరిగి చేపట్టడం దానంతటదే అభివృద్ధి నిరోధకం కాదు, అభ్యుదయమూ కాదు. దాన్ని ఏ వస్తువు కోసం, ఎవరి కోసం చేపట్టారన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన అల్తిన్ గ్యున్ అనే రాక్ బృందం 2023లో వెలువరించిన ‘అష్క్’ ఆల్బం ఈ ప్రశ్నను సూటిగా మన ముందుంచుతుంది. అష్క్ అంటే ప్రేమ.

2016లో ఏర్పడిన ఈ బృందం టర్కీ జానపద గీతాలను 1970ల నాటి సైకెడెలిక్ రాక్ బాణీలో వినిపిస్తుంది. 2021లో వచ్చిన రెండు ఆల్బంలలో యంత్రాల తాళాలకు, సింథసైజర్లకు పెద్దపీట వేసింది. ‘అష్క్’లో మళ్ళీ అందరూ కలిసి వాయించి టేపు మీద రికార్డు చేసే పాత పద్ధతికి వచ్చింది. విద్యుదీకరించిన సాజ్ తంత్రులు, గరగరలాడే గిటార్, నిలకడగా సాగే డ్రమ్స్ కలిసి పది పాటలకూ ఒక జీవం పోశాయి. వాద్యకారుల నైపుణ్యం గురించి నాకు సందేహం లేదు.

కాని ఈ శబ్దానికి ఒక చరిత్ర ఉంది. 1965లో హుర్రియెత్ పత్రిక మొదలుపెట్టిన పాటల పోటీ, టర్కీ బాణీలను పాశ్చాత్య వాద్యాలతో పాడమని యువకులను పిలిచింది. ఆ ప్రయోగం పోటీ దగ్గరే ఆగిపోలేదు. 1970లలో జెమ్ కరాజా రాక్ పాటలోకి మెకానిక్ షాపు కుర్రవాడు వచ్చాడు; సెల్దా బాజాన్ గొంతులో పేదల ఆగ్రహం పలికింది. 1980 సెప్టెంబరులో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. జర్మనీలో ఉన్న కరాజా పౌరసత్వాన్ని 1983లో రద్దు చేశారు. 1987లో గాని ఆయన స్వదేశం చేరలేకపోయాడు. సెల్దా 1981-84 మధ్య మూడుసార్లు జైలు పాలయింది. అంటే ఈ శబ్దం కేవలం కాలం చెల్లి పాతబడింది కాదు, దాని గొంతు నొక్కారు. ‘రెట్రో’ అనే ముద్దుపేరు ఈ నిజాన్ని కప్పిపుచ్చుతుంది.

ఈ ఆల్బంలోని ‘లేలిమ్ లేయ్’ అన్న పాటనే తీసుకుందాం. దాని మాటలు సబాహత్తిన్ అలీ ‘సెస్’ అనే కథలోవి. సెస్ అంటే గొంతు. ఒక రోడ్డు కూలీ పాట విని ముగ్ధులైన పట్నవాసులు అతన్ని అంకారా సంగీత విద్యాలయానికి తీసుకుపోతారు. ఆరుబయట అంత గొప్పగా పలికిన ఆ గొంతు అక్కడి నాలుగు గోడల మధ్య పలకదు. సోషలిస్టు రచయిత అయిన అలీ జైళ్ళు చూశాడు. 1948లో దేశం దాటిపోబోతూ బల్గేరియా సరిహద్దు దగ్గర హత్యకు గురయ్యాడు. తరవాత 1970లలో జుల్ఫు లివానెలి ఆ మాటలకు బాణీ కట్టాడు.

అలీ కథలోని పరీక్షే ఈ ఆల్బంకూ పెట్టవచ్చు. గొంతు పలికిందా? పలికింది, అది చిన్న విషయమేమీ కాదు. భాష తెలియని యూరప్ శ్రోతల చేత టర్కీ పల్లె పాటకు తాళం వేయించడం విజయమే. అయితే పరదేశపు బాధ, తాగుబోతు సరదా, ప్రియురాలి తలపు అన్నీ దాదాపు ఒకే మత్తులో తేలిపోతాయి. ‘లేలిమ్ లేయ్’ విన్నవాడికి ఊపు మిగులుతుంది; ఆ పాడేవాడి చేతిలో పార ఉందన్న సంగతి మిగలదు.

ప్రతి పాటకూ చరిత్ర పాఠం జోడించాలా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అక్కర్లేదు. నేనడిగేది ఉపన్యాసం కాదు, శిల్పంలోనే ఒక తేడా. ఏడుపుకూ ఆటకూ వాద్యం వేరుగా స్పందించాలి. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు తంబురాతో పాటు రైతు సమస్యనూ భుజానికెత్తుకుంది. ఆ తరవాత అదే తంబురా ప్రభుత్వ పథకాల ప్రచారానికీ పనికొచ్చింది. రూపం ఎవరి చేతికైనా లొంగుతుంది. దాని వెనక ఉన్న మనిషి అంత సులువుగా లొంగడు.

జానపద బాణీల వైపు చూస్తున్న మన యువ కవులు, గాయకులు ‘అష్క్’ను తప్పక వినాలి. పాత బాణీని కొత్త చెవికి చేర్చడమెలాగో దాని నుంచి నేర్చుకోవచ్చు. బాణీతో పాటు బతుకును కూడా చేర్చే పని ఇంకా మిగిలే ఉంది.