నమ్మకం ఎవరి ఆస్తి?
(‘యజ్ఞం’ కథ: మఠంపల్లి నుంచి ఒక చదువు)

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ రాసి దాదాపు ఆరు దశాబ్దాలైంది. దాని మీద తెలుగు విమర్శకులు రాసింది తక్కువేం కాదు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. సీతారాముడు కన్నబిడ్డను చంపటం న్యాయమా, అసహజమా, విప్లవమా, నిస్సహాయతా అని చాలా వాదన జరిగింది. ఆ వాదనను మేము కాదనం. అయితే అందులో సరిగ్గా ముందుకు రాని ప్రశ్న ఒకటుంది. అప్పల్రాముడు మోసపోయాడా? మోసపోతే ఎవరి చేతిలో?

కథ తెలిసిందే. సుందరపాలెం అభివృద్ధి చెందిన ఊరు. ఆ అభివృద్ధికి పెద్దమనిషి శ్రీరాములునాయుడు. దళితుడైన అప్పల్రాముడు గోపన్నకు బాకీ ఉన్నాడు. ఆ తగువు పంచాయితీకి వచ్చింది. అప్పల్రాముడు తన బతుకంతా సభలో చెప్పుకుంటాడు. చివరకు భూమి అమ్మి బాకీ తీర్చటానికి ఒప్పుకుంటాడు. భూమి పోతే కొడుకులు పాలేర్లవుతారు, మనమలు పాలేర్లుగానే పుడతారు. అది భరించలేని కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను చంపి తెచ్చి సభ ముందు పెడతాడు.

మన పల్లె కథల్లో మోసమంటే ఒక మూస ఉంది. షావుకారు దొంగలెక్క రాస్తాడు, కరణం కాగితం మారుస్తాడు, తాగించి వేలిముద్ర వేయించుకుంటారు. చదివిన మనకు కోపమొస్తుంది. మోసగాడు దొరికాడు కాబట్టి మనసు కుదుటపడుతుంది కూడా. ‘యజ్ఞం’ మనకు ఆ సౌకర్యం ఇవ్వదు. గోపన్న రాక్షసుడు కాదు, నాయుడు అంతకన్నా కాదు. తీర్పు కూడా లోకం ఒప్పుకునే ధర్మం ప్రకారమే ఉంది: తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. మరి మోసం ఎక్కడుంది?

ఈ మధ్య మఠంపల్లి దగ్గర ఒక మాదిగవాడలో ఈ కథను మేము చదివి వినిపించాం. ఉత్తరాంధ్ర యాస అక్కడక్కడ అడ్డం పడ్డా కథ అందరికీ అందింది. నాయుడు మంచివాడా చెడ్డవాడా అని మాలో మేమే తర్జనభర్జన పడుతుంటే ఒక ముసలమ్మ అన్నది: “మంచోడే కొడకా. ఆయన చెడ్డోడైతే ఈళ్లు లేసి కొట్లాడెటోళ్లు గదా!” యూనివర్సిటీలో మేము ఎన్నో పేజీలు చదివి కూడా ఇంత సూటిగా ఈ మాట అనలేకపోయాం. చెడ్డవాడి తీర్పును ఎదిరించవచ్చు. మంచివాడి తీర్పును ఎదిరిస్తే మనమే చెడ్డవాళ్లమవుతాం. అప్పల్రాముడిని కట్టిపడేసింది గోపన్న లెక్క కన్నా ఎక్కువగా నాయుడి మంచితనం.

ఇక్కడ ఒక పొరపాటు చేయకూడదు. అప్పల్రాముడు అమాయకుడు, అందుకే నమ్మాడు అనటం పై నుంచి చూసేవాళ్ల చూపు. మా ప్రాంతంలో ధాన్యం అప్పును ‘నాగు’ అంటారు. ఎండకాలం తీసుకున్న గింజలకు పంట మీద మిత్తితో కలిపి కొలవాలి. తెలంగాణ రైతాంగ పోరాటం వెట్టితో పాటు ఈ నాగు మీద కూడా తిరగబడింది. నోటు మీద వేలిముద్ర వేసేటప్పుడు మా అయ్యలు అందులో ఏం రాశారో చదివి చెప్పమని అడగలేదు. తెలివి లేక కాదు. అడిగితే నమ్మలేదని అర్థం. నమ్మలేదంటే మళ్లీ కరువులో గింజ పుట్టదు. అప్పు ఇచ్చేవాడు మాత్రం మనల్ని నమ్మాల్సిన పని లేదు. వాడి చేతిలో నోటుంది, సాక్షి సంతకముంది, పంచాయితీ ఉంది. అంటే పల్లెలో నమ్మకం రెండువైపులా ఉండే గుణం కాదు. అది కింద ఉన్నవాడు కట్టాల్సిన పన్ను. ఇంట్లో మొదట బడికిపోయిన తరం మాది. మాకు అక్షరం విలువ తెలిసింది పుస్తకంలో కాదు, ఆ నోట్ల దగ్గర.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని దేశానికి పునాదిగా చేయాలన్న వాదనను గట్టిగా తిరస్కరించారు. ఊరిని పొగిడేవాళ్లకు ఆ మాటలు ఇప్పటికీ చేదే. ‘యజ్ఞం’లో పంచాయితీ ఎందుకు అంత ప్రశాంతంగా, అంత మర్యాదగా నడిచి అంత ఘోరానికి చేరిందో అర్థం కావాలంటే ఆ ప్రసంగాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. అందరినీ మాట్లాడనిచ్చిన సభే అది. కానీ వాదికీ ప్రతివాదికీ ఆ సభలో కూర్చునే చోటు ఒకటి కాదు. తెలుగు విమర్శ ఈ కథలో వర్గాన్ని చూసినంతగా వాడను చూడలేదు. భూమి పోయిన పేదరైతు ఎవరైనా కష్టపడతాడు, నిజమే. భూమి పోయిన దళితుడు మాత్రం తాత చేసిన జీతానికే తిరిగిపోతాడు. సీతారాముడి భయం అది.

కథకుడితో మాకు పేచీ లేదా? ఉంది. బిడ్డను కన్నతల్లి ఈ లెక్కలో ఎక్కడ? అప్పు మగవాళ్లది, మాట మగవాళ్లది, త్యాగం పేరుతో తీసుకున్న ప్రాణం మాత్రం ఆమె పేగు. పాలేరుతనం నుంచి విడుదల అన్న పేరుతో ఒక దళిత శిశువు శవమే మనకు చూపించాల్సి వచ్చింది. దెబ్బ మళ్లీ మన వాడ మీదనే పడింది. నాయుడికీ గోపన్నకూ సిగ్గు కలిగిందేమో, నష్టం కలగలేదు. అయినా ఆ పేరు పెట్టటంలో కథకుడు చూపిన ఎరుకను మేము తక్కువ చేయం. యజ్ఞం చేసేదొకరు, ఫలం పొందేదొకరు, బలి అయ్యేదొకరు.

ఈ కథ వచ్చిన దశాబ్దం తర్వాత 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం, 1977లో అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వచ్చాయి. అప్పు కింద మనిషిని కట్టేయటం నేరమైంది, ప్రభుత్వమిచ్చిన భూమిని కొనటం చెల్లదన్నారు. మరి నమ్మకం పన్ను పోయిందా? తెలంగాణలో తెల్లకాగితం మీద రాసుకునే సాదా బైనామాలను చూడండి. రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకోలేక, మాట మీద నమ్మి, పైసలిచ్చి భూమి కొనుక్కున్న చిన్న రైతులు పట్టా లేకుండా ఏళ్లకేళ్లు దున్నుతున్నారు. క్రమబద్ధీకరణకు 2020లో మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు, అవి హైకోర్టులో ఆగినయి. 2025లో భూభారతి చట్టం వచ్చాక కదలిక వచ్చింది. ఈలోపు భూమి ధర పెరిగి, అమ్మినవాళ్లకో వాళ్ల వారసులకో మనసు మారితే కొన్నవాడి దగ్గర మిగిలేది నమ్మకమే. మఠంపల్లి మండలంలోనే గుర్రంబోడు తండా భూముల వివాదం 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా వినిపించింది. దున్నేవాడొకడు, కాగితం ఇంకొకడి పేరున. సుందరపాలెం ఎంతో దూరంలో లేదు.

ఈ కథను క్లాసులో చెప్పే ఉపాధ్యాయులకు, వాడల్లో పనిచేసే మిత్రులకు మేము చెప్పేదొకటే. ‘ఎవరినీ నమ్మకండి’ అన్న నీతి ఇందులో వెతక్కండి. నమ్మకం లేకుండా కూలోడు ఒక్కరోజు కూడా బతకలేడు. నమ్మకం మనవైపు నుంచే ఎందుకు ఉండాలి అని అడగటం నేర్పండి. నోటు రాస్తే నకలు అడగాలి. పంచాయితీ కూర్చుంటే ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడాలి. పెద్దమనిషి మంచోడైనప్పుడు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆ ముసలమ్మ మాకు నేర్పిన పాఠం అదే.