మేలు కోసం అబద్ధ సాక్ష్యమా? మత్తును గూర్చిన రెండు యౌవన నవలలు – ఒక పరిశీలన

మత్తుకు బానిసయైన యౌవనస్థుని కథను సంఘంలో చెప్పేటప్పుడు, అది వినేవారిని ఎంతగా కదిలిస్తుందన్నది రెండవ ప్రశ్న. అది నిజమా అన్నదే మొదటి ప్రశ్న. కౌమార వయస్కుల కోసం అమెరికాలో వెలువడిన రెండు పుస్తకాల ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిస్తున్నాము.

మొదటిది 1971లో వచ్చిన 'గో ఆస్క్ ఆలిస్'. రచయిత పేరు లేకుండా, పదిహేనేళ్ల బాలిక వ్రాసుకున్న నిజమైన డైరీగా దీనిని ప్రచురించారు. ఒక విందులో ఆమెకు తెలియకుండా పానీయంలో ఎల్.ఎస్.డి. కలిపి ఇస్తారు. ఆమె పతనం అక్కడ మొదలవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు పారిపోతుంది, తిరిగి వస్తుంది, మానసిక చికిత్సాలయం పాలవుతుంది. డైరీ ముగిసిన మూడు వారాలకు ఆమె మరణించిందని చివరి పుట చెబుతుంది. 1979 నాటికి బియాట్రిస్ స్పార్క్స్ అనే మోర్మన్ మతస్థురాలు ఈ పుస్తకం వెనుక ఉన్నది తానేనని బయటికి వచ్చింది. కాపీరైటు నమోదులో రచయిత్రి ఆమెయే. తరువాతి ముద్రణలలో ఇది కల్పన అన్న ప్రకటన చేరింది.

రెండవది ఎలెన్ హాప్‌కిన్స్ 2004లో ప్రచురించిన 'క్రాంక్'. ఇది పద్యరూప నవల. నెవాడాలోని రీనో పట్టణానికి చెందిన క్రిస్టీనా చదువులో చురుకైన బాలిక. ఆల్బుకర్కీలో ఉన్న తండ్రిని చూడబోయి మెథాంఫెటమైన్ రుచి మరుగుతుంది. ఆ తండ్రి కూడా మత్తుకు బానిసే. ఆమె ఇంటికి తిరిగి వచ్చినా మత్తు విడువదు. అత్యాచారానికి గురై గర్భవతియై బిడ్డను కంటుంది. ఆ బిడ్డ పుట్టుక కూడా ఆమెను విడిపించదు. తన కుమార్తె జీవితం ఆధారంగా అల్లిన కల్పన ఇదని రచయిత్రి పాఠకులకు ముందుగానే చెప్పింది.

నిజమని చెప్పుకున్న పుస్తకంకంటె కల్పనయని ఒప్పుకున్న పుస్తకమే ఎక్కువ సత్యం పలుకుతున్నదని మా నిర్ణయం. 'ఆలిస్'లో కథను నడిపేది భయం. ఒక్కసారి రుచి చూస్తే చివరికి మరణమే అన్నది దాని పాఠం. రుచి చూసిన తరువాత కూడా బ్రతికియున్న బాలుడు ఈ పాఠాన్ని నమ్మడు. దానితోపాటు హెచ్చరించిన పెద్దల మాటలన్నిటినీ త్రోసివేస్తాడు. 'క్రాంక్' అయితే వ్యసనంలోని సుఖాన్ని దాచదు, దాని బంధకాన్నీ దాచదు. క్రిస్టీనా తన వ్యసనపు రూపానికి 'బ్రీ' అని పేరు పెట్టుకుంటుంది. రోమా 7వ అధ్యాయంలో పౌలు వర్ణించిన అంతరంగ పోరాటం ఇక్కడ మనకు గుర్తుకు రాక మానదు. అయితే పౌలు విమోచకుని కొరకు కేకవేస్తాడు, క్రిస్టీనాకు ఆ కేక తెలియదు. నవలలోని లోటు అదే.

ఇట్టి పుస్తకాలు చెడును నేర్పుతాయన్న అభ్యంతరం ఉన్నది. 2010లో అత్యధిక అభ్యంతరాలు వచ్చిన పది పుస్తకాలంటూ అమెరికా గ్రంథాలయ సంఘం ఇచ్చిన జాబితాలో 'క్రాంక్' ఉన్నది. కాని 2 సమూయేలు 13 తామారుకు జరిగిన దౌష్ట్యాన్ని దాచలేదు. ఆమె తన అన్న ఇంట దిక్కులేనిదై ఉండిపోయిందని చెప్పి ఊరకున్నది. ఆమెకు లేని స్వస్థతను లేఖనం కల్పించలేదు.

నాతాను దావీదుకు కథ చెప్పలేదా అని ఎవరైనా అడుగవచ్చు (2 సమూయేలు 12). చెప్పాడు. అయితే ఆ కూర్చున్న చోటనే ముసుగు తీసి, ఆ మనుష్యుడు నీవేనన్నాడు. యేసు ప్రభువు ఉపమానాలను ఉపమానాలుగానే చెప్పాడు. దేవుని పక్షమున వంచన పలుకుతారా అని యోబు తన స్నేహితులను నిలదీశాడు (యోబు 13:7). 'ఆలిస్' వెనుక ఉన్న సదుద్దేశానికి ఈ వచనమే తీర్పు.

ఇది పరదేశపు పుస్తకాలతో ముగిసే మాట కాదు. మన యౌవన కూటాలలో విడుదల పొందినవారి సాక్ష్యాలు చెప్పిస్తాము. పూర్వపు పాపం ఎంత ఘోరంగా ఉంటే సాక్ష్యం అంత బలమైనదన్న తలంపు సభలో ఉన్నప్పుడు, చెప్పేవాడు చిలువలు పలువలు చేర్చడం సహజం. ఒకే రాత్రిలో సంపూర్ణ విడుదల అన్న కథలే వింటూ ఉంటే, మరల పడిపోయిన బిడ్డ తనకు విశ్వాసమే లేదనుకొని సంఘానికి దూరమవుతాడు. అతడు నెలల తరబడి పడుతూ లేస్తూ చేస్తున్న పోరాటం కూడా సాక్ష్యమే. అది చెప్పుకొనడానికి సంఘంలో చోటివ్వడం కాపరి బాధ్యత.