ఎవరి చేతిలో చస్తే దేశభక్తుడు?

సెప్టెంబరు 17 వస్తోందంటే మా చండ్రుగొండ లాంటి అడవి అంచు ఊళ్ళలో కూడా సాయిబులు కాస్త గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ రోజుకి ఎన్ని పేర్లో! 2022లో కేంద్రం విమోచన అంది, రాష్ట్రం జాతీయ సమైక్యత అంది. 2024లో అదే ప్రజాపాలన దినమైంది. పేరేదైనా మమ్మల్ని చూసే చూపు మాత్రం మారలేదు. నిజాం మీవాడే కదా! మా తాతలకు నిజాం ఏ జాగీరూ రాసివ్వలేదు. దూది ఏకుకుని, బండ్లు తోలుకుని, దొరలకు వెట్టి చేసి బతికారు.

ఆ పోరాటానికి దక్కిన గౌరవాలను ఒకసారి చూద్దాం. 1992 పద్మవిభూషణ్ జాబితాలో రావి నారాయణరెడ్డి, కాళోజీ, మరాఠ్వాడా నుంచి గోవిందభాయ్ ష్రాఫ్ ఉన్నారు. ముగ్గురూ నిజాం మీద కొట్లాడినవాళ్ళే. కాళోజీకి ఇవ్వకపోతే ఆ బిరుదుకే చిన్నతనం. కాని అదే పోరాటంలోని ముస్లిం పేరు ఆ జాబితాలో ఒక్కటీ లేదు. బతికున్నవాళ్ళకే ఇస్తారని సర్దిచెప్పే మిత్రులకు ఒక మాట: రావి నారాయణరెడ్డి 1991 సెప్టెంబరులోనే కన్నుమూశారు. మఖ్దూం మొహియుద్దీన్‌కి 1969లో సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు కదా అంటారేమో. అది ఆయన ఉర్దూ కవిత్వానికి దక్కింది. ఆయన జైళ్ళకీ, అజ్ఞాతవాసానికీ, కార్మిక సంఘాలకీ ఢిల్లీ ఏమిచ్చింది? ఇక ఆ 1992 డిసెంబరు 6తో ఎలా ముగిసిందో మాకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ముస్లింలలో సర్కారు జ్ఞాపకానికి సులువుగా ఇమిడేది షోయబుల్లాఖాన్. 'ఇమ్రోజ్' సంపాదకుడు. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద చంపేశారు. ఆయనకు ఎంత గౌరవం చేసినా తక్కువే. మా అభ్యంతరం ఆయన పేరుని వాడుకునే తీరు మీద. ముస్లింని ముస్లింలే చంపిన కథ విమోచన వేదికకు బాగా అతుకుతుంది.

షేక్ బందగీ అలా అతకడు. కామారెడ్డిగూడెం పేద రైతు. తన కొద్దిపాటి భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని కోర్టుకు లాగి గెలిచాడు. గెలిచినందుకే 1940ల మొదట్లో దేశ్‌ముఖ్ మనుషులు నరికేశారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగిన 1946 జూలైకి చాలా ముందు సంగతి ఇది. చచ్చినవాడు సాయిబు, చంపించినవాడు హిందూ దొర. ఇప్పుడు దీన్ని ఏ 'విమోచన' ఉపన్యాసంలో ఇరికిస్తారు? హిందూ ప్రజ, ముస్లిం రాజు అన్న లెక్క ఈ ఒక్క హత్యతోనే తప్పుతుంది. అందుకే ఆయన కమ్యూనిస్టుల సభల్లో తప్ప వినపడడు.

పింఛన్ల సంగతి మరో కథ. కేంద్ర స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు ఆరునెలల జైలో, ఆరునెలల అజ్ఞాతమో చూపాలి. స్త్రీలకూ దళిత ఆదివాసీలకూ మూడు నెలలు చాలన్నారు, మంచిదే. కాని రుజువు కావాలి: జైలు కాగితం, వారంటు, లేదా గుర్తింపు పొందిన మరో యోధుడి ధ్రువపత్రం. దళానికి రాత్రి గటక పోసిన కోయ తల్లికి రశీదు ఎవరిచ్చారు? పైగా 1948 సెప్టెంబరు 17 దగ్గర గీత గీశారు. అటువైపు దేశభక్తి, ఇటువైపు దేశద్రోహం. దళాలు గోదావరి అడవుల్లోకి, మా వైపు పాల్వంచ, ఇల్లందు అడవుల్లోకి వచ్చింది ఆ గీత దాటాకే. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా పోలీసు దెబ్బలు తిన్న గూడేలకు ఆ పింఛను లెక్కలో చోటు లేదు. బందగీని మతం లెక్కలో వదిలేశారు, కోయలను తారీఖు లెక్కలో వదిలేశారు.

ఆ తారీఖు తర్వాత మావాళ్ళకు జరిగింది కూడా లెక్కలోకి రాలేదు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనం కంట పడటానికి 2013 దాకా పట్టింది.

ఇంత తెలిసీ మన పెద్దలు ఇంకా 'దేశభక్త ముస్లింల' జాబితాలు అచ్చేసి పంచుతున్నారు. అష్ఫాఖుల్లా, ఆజాద్, షోయబుల్లా. నమ్మండి బాబూ, మేమూ ఉన్నాం అని. ఆ జాబితాల్లో కూడా బందగీ అరుదుగానే కనిపిస్తాడు. అతన్ని చంపించిన దొర పేరు చెప్పాల్సి వస్తుందని కాబోలు.