ఆటిజము, చలనదృష్టి: ఒక పరీక్షపై విమర్శ

తెరమీద అనేకములైన చుక్కలు చెల్లాచెదురుగా కదలుచుండును. వానిలో కొన్ని మాత్రము కలిసికట్టుగా ఒకే దిక్కునకు సాగును. ఆ గుంపును బాలుడు పసిగట్టవలెను. కలిసి సాగు చుక్కల పాలు తగ్గించుకొనిపోగా, ఎక్కడ బాలుడు తబ్బిబ్బుపడునో అదే అతని చలనదృష్టికి కొలత. స్పెన్సర్, సహచరులు ఈ పరీక్షను ఆటిజముగల పిల్లలకు పెట్టి 2000లో ఫలితములు ప్రకటించిరి. తోడి పిల్లలకంటె వీరికి ఎక్కువ చుక్కలు కలిసి కదలవలసివచ్చెను. కదలని చిన్న గీతలలో దాగిన ఆకారమును గుర్తించుటలో మాత్రము వీరు వెనుకబడలేదు. ఈ రెండవ పరీక్షను చేర్చుట ఆ పరిశోధనలోని గొప్ప సుగుణము. లేనిచో, పిల్లలు మనసుపెట్టలేదని ఎవరైనను కొట్టివేసియుందురు.

అయితే ఆ వ్యాసపు శీర్షికలోనే 'లోపము' అను మాట చేరినది. ఆకారము సరిగా తోచి చలనము తోచనందున, చలనమును గ్రహించు మెదడు మార్గములోనే లోపమున్నదని వాదము. చిక్కంతయు ఇక్కడనే కలదు. ఈ పరీక్షలో పిల్లవాడు పనికివచ్చు కదలికలను కలిపి చూడవలెను, పనికిరానివానిని విడిచిపెట్టవలెను. పనులు రెండు, మార్కు ఒక్కటి! లెక్కలో వరుస చూడక జవాబు మాత్రమే చూచి సున్న వేయుట వంటిదే ఇది. ఆటస్థలములో బంతిని జారవిడుచు పిల్లవాడు కదలికను చూడలేకున్నాడా, లేక చుట్టునున్న పరుగులన్నియు చూచుటచే బంతిని తప్పుచున్నాడా? ఆ మార్కు చెప్పదు.

మానింగ్, సహచరులు 2015లో ఈ ముడిని విప్పజూచిరి. 6-13 ఏండ్ల పిల్లలకు పాత పద్ధతి పరీక్షతోపాటు మరియొకటి పెట్టిరి. అందు విడిచిపెట్టదగిన చుక్క ఒక్కటియు లేదు. ప్రతి చుక్కయు కొంచెము వేరు దిక్కునకు పోవును. మొత్తముమీద మొగ్గు ఎటో చెప్పవలెను. తిరునాళ్లలో ఎవరి నడక వారిదే అయినను, జనము గుడివైపునకు సాగుచున్నదని మనకు తెలియును గదా! ఈ పనిలో ఆటిజముగల పిల్లలు తోడివారిని మించిరి. పాత పద్ధతి పరీక్షలోను ఈసారి చెప్పదగిన భేదము కానరాలేదు. అంతకుముందు 2013లోనే ఫాస్-ఫీగ్ బృందము, స్ఫుటమైన చారలు కదలు దిక్కును ఇట్టి పిల్లలు సుమారు రెండురెట్లు వేగముగా పసిగట్టిరని ప్రకటించినది.

ఇంతమాత్రమున స్పెన్సర్ ఫలితము తప్పని కాదు. 2019లో వాన్ డర్ హాలెన్ బృందము అంతవరకు వచ్చిన ఫలితములను కలిపి లెక్కించగా, ఆటిజముగలవారు సగటున వెనుకబడియుండిరి. కాని ఆ తేడా చిన్నది. మానింగ్ పరిశోధనకును హద్దు కలదు. అందు పాల్గొన్నవారు బుద్ధిమాంద్యము లేని పిల్లలు. మాటలు రాని, తెర ముందు కూర్చుండలేని పిల్లవాని చూపునుగూర్చి ఆ చుక్కలు ఇంకను ఏమియు చెప్పలేదు.